పేరు చదవని ప్రార్థన

శాంతయ్య అల్మారా తాళం తిప్పి, పిడి పట్టుకొని రెండుసార్లు గుంజి చూశాడు. పద్దెనిమిదేళ్లుగా అదే గుంజడం. పిడి మీది పచ్చరంగు ఆయన నాలుగు వేళ్ల మేర అరిగి లోపలి ఇనుము తేలింది. అందులో టీబీ రోగుల కార్డులుంటాయి. గది ఊడ్చి, మందుల అట్టపెట్టెలు గోడవారగా పేర్చి, వరండాలో బల్ల మీద ఎడమకాలు చాపుకొని కూర్చున్నాడు. సాయంత్రంతో ఉద్యోగం అయిపోతుంది. ఈ ఆరోగ్య కేంద్రంలో అటెండరుగానే చేరాడు, అటెండరుగానే దిగుతున్నాడు.

పొదిలి బస్సు వెళ్లిన కాసేపటికి సంఘపెద్ద విశ్వాసం నోటుపుస్తకం చంకన పెట్టుకొని వచ్చాడు. ఆదివారం చర్చిలో జబ్బుపడినవాళ్ల పేర్లు, జబ్బులతో సహా, ఆ పుస్తకంలోంచే చదువుతారు. చదివాక అందరూ మోకరిస్తారు.

"బావా, టీబీ వాళ్ల పేర్లు చెప్పు. ప్రార్థన చేస్తాం."

"పేర్లు లేకుండా చెయ్యండి."

"అట్లెట్ల? ఎవరికని అడగాల దేవుణ్ణి?"

"నువ్వు చెప్పకుంటే ఆయనకు తెలీదా ఏంది?"

విశ్వాసం నవ్వలేదు. దగ్గరికి జరిగాడు. "పోనీ ఒక్క పేరు. బడికాడ వంట చేసే రత్నమ్మ. చలికాలమంతా దగ్గింది. కార్డు ఉందంటే ఆమెను వంటపని మాన్పిస్తాం. లేదంటే లేదను, పోతా."

రత్నమ్మ కార్డు అల్మారాలోనే ఉంది. మొదట్లో డాక్టరే ఆమెను బడికి పోవద్దన్నాడు. కళ్లె పరీక్షలో క్రిములు లేవని తేలాకే మళ్లీ పొయ్యి దగ్గరికి పంపాడు. ఆ కూలి మీదే ఇద్దరు బిడ్డలు బతుకుతున్నారు. లేదు అని ఒక్క అబద్ధమాడితే ఈయన వెళ్లిపోతాడు.

శాంతయ్యకు ఇమ్మానుయేలు గుర్తొచ్చాడు. పాలు పోసేవాడు, అతనికీ టీబీయే. మంచి జరుగుతుందని అతని పేరు ప్రార్థనకు చెప్పింది తనే. సంఘమంతా కన్నీళ్లతో ప్రార్థించింది. తెల్లారి ఒక్క ఇంటివాళ్లూ గిన్నె చాపలేదు. నెల తిరక్కుండా బర్రెలమ్ముకొని ఊరొదిలాడు. పోతూ పోతూ శాంతయ్యను ఒక్క మాటా అనలేదు.

"ఉందని చెప్పను. లేదని గూడా చెప్పను బావా. ఇయ్యాల ఒకరికి లేదంటే, రేపు నేను నోరు మూసుకున్నోళ్లకు ఉన్నట్టేగా."

"ఆదివారం నీకు శాలువా కప్పాలనుకుంటిమే!"

"ఈ ఎండల్లో శాలువా ఏం చేసుకుంటా."

విశ్వాసం పుస్తకం చంకలో బిగించి దిగిపోయాడు.

మధ్యాహ్నం బడి వంట ముగించుకొని రత్నమ్మ వెనకవైపు నుంచి వచ్చింది. నర్సు ఫెబీ తలుపు మూసి, ఆఖరి పరీక్ష కాగితం చూపించింది. "అయిపోయిందక్కా. పూర్తిగా నయమైంది." కార్డు మీద ఆ మాట రాస్తుంటే రత్నమ్మ అక్షరం అక్షరాన్నీ చూస్తూ నిలబడింది. తర్వాత కొంగు చాటునుంచి స్టీలు డబ్బా తీసింది.

"పులిహోర మామా. నా చేత్తో చేసినా. తింటావా?"

ఆ అడగడంలో ఆరు నెలల భయముంది. శాంతయ్య అక్కడే మూత తీసి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. "ఇంకాస్త మిరపకాయ పడాల్సింది" అన్నాడు. రత్నమ్మ ఏడుస్తూ నవ్వింది. డబ్బాకు రేపొస్తానని వెళ్లింది.

మూడింటికి విశ్వాసం మళ్లీ వచ్చాడు, ఈసారి పుస్తకం లేదు. ఫెబీ ఇచ్చిన రక్తపరీక్ష కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో దాచాడు. శాంతయ్య పక్కన కూలబడ్డాడు.

"సుగరంట బావా. సంఘంలో ఎవరికీ చెప్పమాక. కొడుక్కు పిల్లనిచ్చినోళ్లకు తెలిస్తే నామర్దా."

"ఏం సుగరు? నాకేం తెలీదు."

విశ్వాసం జేబులోని కాగితం మడతలు తడుముకున్నాడు. "రత్నమ్మ సంగతి ఇంక అడగనులే" అన్నాడు. చూపు డబ్బా మీద పడింది. ఒక పిడికెడు తీసుకున్నాడు. "ఎవరి చేతిదిది? బాగుందే!"

"మంచి చేతిది" అన్నాడు శాంతయ్య, డబ్బా మీద బొటనవేలు కదపకుండా.

అయిదయింది. దండలు లేవు, ఉపన్యాసాలు లేవు. తాళంచెవులు ఫెబీ చేతిలో పెట్టి, సంచి భుజాన వేసుకొని, ఎడమకాలు ఈడుస్తూ, ఇరవైయేళ్ల వాడిలా తలెత్తుకొని గేటు దాటాడు.

కిటికీ గట్టు మీద కడిగి బోర్లించిన స్టీలు డబ్బా ఎండలో ఆరుతోంది, దాని మీద చెక్కిన పేరు గోడవైపు తిరిగి ఉంది.