అక్క కాలేయంలోకి దారి

అక్క చేతుల్ని బల్లకు పట్టీలతో కట్టబోతుంటే నేను అడ్డం వెళ్లాను. మామూలుగా నేను ఎవరికీ అడ్డం వెళ్లే మనిషిని కాను.

"కట్టకండి సిస్టర్. మా అక్క మాట్లాడేది చేతులతోనే."

"చెవుడని రాశారు గానీ..." అంది నర్సు.

"పుట్టినప్పటి నుంచీ వినపడదు, నోట మాట లేదు. చేతులు కట్టేస్తే నోట్లో గుడ్డ కుక్కినట్టే."

బల్ల మీద వెల్లకిలా పడుకున్న అక్క ఏం జరుగుతోందని కనుబొమలు ఎగరేసింది. సైగలతో చెప్పాను. అంత నొప్పిలోనూ దాని వేళ్లు ఊరుకోలేదు. 'నా నోరు కట్టేశారని తెలిస్తే మీ బావ ఎగిరి గంతేస్తాడు' అంది.

అక్క బట్టలు కుడుతుంది. కడుపులో నొప్పి మొదలైనప్పుడు, రోజంతా మిషను మీద వంగి కూర్చున్నందుకేమో అనుకుంది. మందుల షాపులో అడిగి బిళ్లలు వేసుకుంది. నొప్పి తగ్గకపోగా మెలిపెట్టడం మొదలైంది, తిన్నది తిన్నట్టు బయటికి వచ్చేసింది. స్కాన్ తీస్తే తెలిసింది. పేగుల నుంచి కాలేయానికి రక్తాన్ని మోసుకెళ్లే పెద్ద సిర ఒకటి ఉంటుందట. అందులో రక్తం గడ్డకట్టి దారి మూసుకుపోయింది. గడ్డ పెరగకుండా సూదిమందు ఇచ్చారు. అయినా అది కిందికి, పేగుల దాకా పాకింది. పేగుల్లోకి వచ్చిన రక్తం బయటికి వెళ్లే దారి లేక అవి ఉబ్బిపోతున్నాయి.

"ఇలాగే ఉంటే పేగు చచ్చిపోతుంది. పొట్ట కోసి ఆ భాగం తీసేయాలి," అన్నాడు సర్జన్.

ఆ తరువాత ఇంకో డాక్టరు వచ్చింది. పొట్టి మనిషి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని స్కాన్ చాలాసేపు చూసింది. "పక్కటెముకల మధ్య నుంచి కాలేయంలోకి సన్న సూది దింపుతాను. అక్కణ్ణుంచి మూసుకుపోయిన సిరలోకి వెళ్లి, గొట్టంతో గడ్డను పీలుస్తాను. వీలవుతుందని మాటివ్వలేను. వీలుకాకపోతే ఇవాళే కోత," అంది.

అందులో ఒక చిక్కు ఉంది. మనం ఊపిరి పీల్చి వదిలినప్పుడల్లా కాలేయం కిందికీ పైకీ జరుగుతుందట. సూది దిగే క్షణంలో అది నిలబడాలి. అందుకని రోగి మెలకువగా ఉండి, ఆపమన్నప్పుడు ఊపిరి ఆపాలి. మిగతావాళ్లకు మైకులో చెప్తారు. అక్కకు ఎవరు చెప్పాలి?

"నేను వెళ్తా, నా పెళ్లాం సైగలు నాకు రావా?" అన్నాడు బావ. ఎక్స్‌రే కిరణాలు సోకకుండా వేసే సీసం కోటు తొడుక్కునే దాకా బాగానే ఉన్నాడు. రక్తం ఎంత పోవచ్చో నర్సు చెప్పడం మొదలుపెట్టగానే మొహం తెల్లబోయి బెంచీ మీద కూలబడ్డాడు.

డాక్టరు ఆయన్ని ఎగాదిగా చూసింది. "ఈయన్ని కూడా బల్ల ఎక్కించే ఓపిక నాకు లేదు. నువ్వు రామ్మా."

అలా ఆ కోటు నా భుజాల మీదికి వచ్చింది. తడిసిన బొంతంత బరువు.

గదిలోకి అడుగుపెట్టి గుమ్మంలోనే నిలబడిపోయాను. బల్లకు ఈ పక్క నుంచి ఆ పక్కకు అర్ధచంద్రాకారంలో వంగిన పెద్ద ఎక్స్‌రే యంత్రం ఉంది. చప్పుడు లేకుండా తిరుగుతూ అక్క పొట్ట మీదికి వచ్చి ఆగింది. ఎదురుగా గోడంత తెర. పక్క బల్ల మీద గుడ్డ పరిచి తీగలు, గొట్టాలు చుట్టలు చుట్టలుగా పెట్టారు. కొన్ని తీగలు అక్క దారాల కంటే సన్నం. డాక్టరు ఒక తీగను వెలుతురుకు ఎత్తి, కొసను కన్ను చికిలించి చూసింది. అది చూసి అక్క అప్పటికప్పుడు ఆమెకు పేరు పెట్టేసింది. సూదిలోకి దారం ఎక్కిస్తున్నట్టు రెండు వేళ్లు కలిపి చూపించింది. మాకు తెలిసిన ప్రతి మనిషికీ అక్క దగ్గర ఇలాంటి పేరు ఒకటి ఉంటుంది. బావ పేరు మీసం మెలేయడం, ఆయన మీసం తీసేసి ఏళ్లయినా సరే.

కుడి చేయి తల పైకి పెట్టించారు. ఎడమ చేయి నాకు వదిలేశారు. నేను పిడికిలి బిగిస్తే ఊపిరి ఆపాలి, విప్పితే వదలాలి. వెలుతురులో చేసి చూశాం. ఒక్కసారి కూడా తప్పలేదు. పక్కటెముకల దగ్గర మొద్దుబారేందుకు సూదిమందు ఇచ్చారు.

"మొదలుపెడదాం," అని డాక్టరు అనగానే టెక్నీషియన్ దీపాలు ఆర్పేశాడు.

ఆ సంగతి నాకు తట్టనే లేదు. తెర వెలుగు నా వీపు మీద పడుతోంది. నా చేతులు నా నీడలోనే ఉన్నాయి. డాక్టరు ఒక చేత్తో స్కాన్ పరికరాన్ని పక్కటెముకల దగ్గర ఆనించింది, రెండో చేతిలోని సూది చర్మం దాటింది. "ఆపమను," అంది డాక్టరు. పిడికిలి బిగించాను. అక్క చీకట్లో నా చేతి కోసం వెతుకుతూ తల తిప్పింది. దానితో పాటు ఒళ్లూ కదిలింది.

"ఆగు! కదలొద్దు!" డాక్టరు సూదిని చటుక్కున వెనక్కి తీసింది. "లోపల చీరుకుంటే కాలేయం ఆగకుండా రక్తం కక్కుతుందమ్మా. ఇంకోసారి ఇలా అయితే నేను వదిలేసి సర్జన్‌ని పిలుస్తాను."

"లైటు వేస్తే చూసుకోగలదండీ..."

"వేస్తే నాకు కనిపించదు. గడ్డతో నిండిన సిర తెర మీద మసక గీతలా ఉంటుంది. చీకట్లోనే కష్టం."

దీపం ఉంటే డాక్టరుకు కళ్లు లేవు, లేకపోతే అక్కకు చెవులు లేవు. నా చేతిలో అక్క చేయి చెమటతో జారుతోంది. వేళ్లు నా అరచేతిలో ఒకే ప్రశ్న గీస్తున్నాయి. 'ఎక్కడున్నావ్? ఎక్కడున్నావ్?'

ఊళ్లో బడికి అక్క నాతో పాటే వచ్చేది. దానికి ఎవరూ ఏమీ నేర్పలేదు, ఇంట్లో ఊరికే ఉండటమెందుకని పంపేవాళ్లు. తరగతంతా ఎక్కాలు అప్పజెప్తుంటే నా వీపు మీద అరచేయి ఆనించి, నాతో పాటు పెదాలు కదుపుతూ కూర్చునేది. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగితే తనూ ఆగేది. చూసినవాళ్లు ఈ పిల్ల కూడా చదువుతోందనుకునేవాళ్లు.

నేను సీసం కోటు పక్క కట్టు వదులు చేసి, అక్క చేతిని లోపలికి లాక్కుని నా పొట్ట మీద పెట్టుకున్నాను. ఊపిరి నిండా తీసుకుని ఆపాను. వదిలాను. మళ్లీ తీసుకుని ఆపాను. దాని వేళ్లు ఒక్కసారి గట్టిగా నొక్కాయి. అర్థమైందన్నమాట.

"నాకు చెప్పండి మేడం. నేను ఆపితే అదీ ఆపుతుంది," అన్నాను.

డాక్టరు నా కోటు వైపు వింతగా చూసింది. అక్క పక్కటెముకల మీద చేయి పెట్టి, ఒకసారి ఆపి చూపించమంది. చూసి తల ఊపింది.

"సరే. తీసుకో... ఆపు."

ఆపాను. అక్క ఊపిరి కూడా ఆగింది. డాక్టరు చేయి అంగుళమైనా కదిలినట్టు లేదు. తెర మీద బూడిద రంగు మబ్బులోంచి సూది ఒక తెల్లటి గీతలా నెమ్మదిగా జారింది, మసకగా ఉన్న ఒక దారి అంచును నొక్కింది, ఆ అంచు సొట్టపడింది, తరువాత గీత లోపల ఉంది.

"దొరికింది," అంది డాక్టరు, ఎవరికీ కాదు, తనకే. "వదులు తల్లీ."

ఆ సూదిలోంచి తీగ వెళ్లింది. తీగ మీదుగా గొట్టం వెళ్లింది. అక్క ఒంటి మీద బొట్టుబిళ్లంత రంధ్రం కూడా లేదు, లోపల మాత్రం ఎవరో నడుస్తున్నారు. రంగు మందు ఎక్కించి, ఊపిరి ఆపించి ఫోటో తీశారు. తెర మీద నల్లటి మోడు ఒకటి కనిపించింది. కొమ్మలేవీ లేవు. నల్లదనం ఒక చోటికి వచ్చి, గోడకు తగిలినట్టు ఆగిపోయింది. అదీ గడ్డ.

డాక్టరు పెద్ద సిరంజితో లాగింది. ఏమీ రాలేదు. గొట్టాన్ని కాస్త ముందుకు నెట్టి మళ్లీ లాగింది. ఈసారి వచ్చినదాన్ని తెల్లగుడ్డ మీద పోస్తే, నానిన తోలు పీలికల్లాంటి ముదురు ముక్కలు. మళ్లీ, మళ్లీ. నడుము నొప్పి పుట్టిందేమో, మధ్యలో ఒకసారి ఒంటికాలి మీద నిలబడింది. అక్క చేయి నా పొట్ట మీదే ఉంది. నొప్పి వచ్చినప్పుడు చిటికెనవేలు బిగిసేది, నేను చెప్పేదాన్ని, ఇంకాస్త మత్తు ఇచ్చేవాళ్లు.

"ఇప్పుడు చూద్దాం. తీసుకో... ఆపు."

రంగు మందు వెళ్లింది. మోడు దగ్గర ఆగలేదు. దాటింది. దాటి రెండుగా చీలింది, ఆ రెండూ మళ్లీ చీలాయి, ఆ కొసల నుంచి ఇంకా సన్నవి, ఇంకా సన్నవి, ఇక చూపు ఆననంత సన్నవి. తెర నిండా ఒక చెట్టు కళ్ల ముందే పెరిగింది. అక్కలో అది ఎప్పటి నుంచో ఉంది. నా పక్కన ఇన్నేళ్లు కూర్చున్న మనిషిలో, నా వీపు మీద చేయి వేసిన మనిషిలో.

రోజూ ఇవే చూసే టెక్నీషియన్ కూడా "అబ్బ!" అన్నాడు.

అందరూ తెర వైపే చూస్తున్నారు. డాక్టరు కూడా. నాకు గుండెలు బిగుసుకుపోతున్నాయి. చెవుల్లో హోరు. అక్క నా పొట్టను పట్టుకుని గట్టిగా గిల్లింది.

"మేడం..." అన్నాను, ఉన్న కాస్త గాలితో.

"అయ్యో, వదలండి, వదలండి!" డాక్టరు నవ్వేసింది. "ఇద్దర్నీ చంపేసేదాన్ని!"

అయితే పని పూర్తి కాలేదు. కింద పేగుల దగ్గర కొంత గడ్డ మిగిలే ఉంది. దాన్ని కరిగించే మందు చుక్కలు చుక్కలుగా వెళ్లేలా లోపల సన్న గొట్టం వదిలేశారు. మర్నాడు మళ్లీ అదే గది, అదే చీకటి, నా కోటు కింద అదే చేయి. ఈసారి మోడు లేదు, గోడ లేదు. రక్తం కింది నుంచి వచ్చి నేరుగా కాలేయంలోకి వెళ్లిపోయింది. గొట్టం తీసేస్తూ, వచ్చిన దారిని లోపలి నుంచే మూసుకుంటూ వచ్చారు. బయట మిగిలింది ఒక పట్టీ ముక్క.

సాయంత్రం సర్జన్ వచ్చి పొట్టంతా నొక్కి చూశాడు. "పేగు బతికింది. నాకు ఇక్కడ పని లేదు," అన్నాడు. నెలల తరబడి బిళ్లలు మింగాలి, రక్తం ఎందుకు గడ్డకట్టిందో ఇంకా తేల్చుకోవాలి. కోత మాత్రం లేదు.

డాక్టరు ఆ బొమ్మలు తెచ్చి అక్కకు చూపించింది. బావ మంచం మీదుగా వంగి, "ఏదో చెట్టు ఎక్స్‌రేలా ఉందే?" అన్నాడు.

"మీ ఆవిడ రక్తమండీ," అంది డాక్టరు.

బావ మెల్లగా మంచం పట్టె పట్టుకుని నేల మీద కూర్చున్నాడు. అక్క నవ్వబోయి, పక్క నొప్పిపుట్టి, మీసం మెలేసే సైగ చేసి, 'బయటికి తీసుకెళ్లి గాలి తగలనివ్వు' అంది నాతో.

తరువాత చాలాసేపు అక్క ఆ బొమ్మ కింద పెట్టలేదు. కొమ్మల వెంట వేలు పోనిచ్చి, అవి కనిపించకుండా పోయే చోట ఆపింది.

'ఇప్పుడూ ఇందులో రక్తం నడుస్తోందా?'

'నడుస్తోంది.'

'నేను కుడుతున్నప్పుడూ? నిద్రపోతున్నప్పుడూ?'

'ఎప్పుడూ.'

అక్క దుప్పటి తొలగించి తన పొట్టను తనే చూసుకుంది, కొత్త మనిషిని చూసినట్టు. రెండు చేతులూ ఎత్తింది, ఏదో చెప్పబోయింది. ఇన్నేళ్లలో మొదటిసారి దాని వేళ్లకు మాట దొరకలేదు.