క్రిస్మస్ అమ్మ పెట్టిన పూలు

మా బడిలో ఎస్‌ఎస్‌ఎల్‌సి చదివే ఆడపిల్లలకు మాత్రమే లాకర్లు ఇచ్చేవాళ్ళు. వరండా పొడుగునా గోడకు బిగించిన చెక్క అరలు, ఒక్కోదానికి పచ్చరంగు తలుపు, తలుపు మీద ఒక అంకె. పుస్తకాలూ, మధ్యాహ్నం ఇంటి నుంచి వచ్చే క్యారియరూ అందులో పెట్టుకోవాలి. మాది మద్రాసులో సౌకార్‌పేట. మా నాయన బాలసుందరం పప్పుల మండీ నడిపేవాడు. ఇంటి కిందిభాగమంతా కందిపప్పు మూటలు, పైన రెండు గదుల్లో మేమంతా. నాదంటూ ఆ ఇంట్లో చొక్కా తగిలించుకునే మేకు కూడా లేదు. అలాంటిదానికి తలుపున్న అర ఒకటి దొరికితే ఊరుకుంటుందా?

తలుపు లోపలివైపు పుస్తకాల అట్టలకు వేసే నీలం కాగితం అంటించాను. దాని మీద మందుల కంపెనీ క్యాలెండరులోంచి కత్తిరించిన మనిషి గుండె బొమ్మ పెట్టాను. తక్కిన పిల్లల తలుపుల మీద సినిమావాళ్ళు, ఏసుప్రభువు, లక్ష్మీదేవి. పక్క లాకరు జయంతిది. "ఏందే కస్తూరీ ఇది, కసాయి అంగడి మాదిరి!" అని అది ముక్కు మూసుకునేది. మూసుకోనీ. నేను డాక్టరు చదవాలనుకున్నాను. ఆ సంగతి ఎవరి దగ్గరా దాచలేదు.

దాచుకోనందుకే దీపావళినాడు ఇంట్లో రచ్చ అయింది. మా అమ్మ తల్లి, అవ్వ, పండక్కి వచ్చి కొడుకు ఏకాంబరానికి నన్ను ఇవ్వమని కూర్చుంది. ఏకాంబరం మా అమ్మ తమ్ముడు, నాకు మేనమామ. వరస కుదిరింది కాబట్టి మావాళ్ళల్లో ఇంకేమీ చూడనక్కర్లేదు. ఆయన నాకంటే రెట్టింపు వయసువాడు. మొదటి భార్య తాయారత్త పోయి ఏడాది అయింది. మిద్దె మీద బట్టలు ఆరేస్తూ జారి వీధిలో పడిందన్నారు. పిల్లలం ఆవిడను ఆఖరిసారి చూడ్డానికి వెళ్తామంటే వెళ్ళనివ్వలేదు. ఆవిడ పేరెత్తితే చాలు, అవ్వకు పొయ్యి మీద పెట్టింది ఏదో గుర్తొచ్చేది.

నేను అందరి ముందూ "చేసుకోను" అన్నాను. అమ్మ చెంప పగలగొట్టింది. నాయన కొట్టలేదు. అటు అత్తగారిని కాదనలేడు, ఇటు నన్ను తోసెయ్యలేడు. పాము చావకుండా, కర్ర విరగకుండా ఒక మాట అన్నాడు.

"పాప తన ఇష్టంగా, తన చేత్తో మీ పూలు పెట్టుకోనీ. ఆ పొద్దే తాంబూలాలు మార్చుకుందాం. అంతదాకా ఈ మాట ఎవురూ ఎత్తొద్దు."

మాలో మగపెళ్ళివారి పూలు పిల్ల తలకెక్కాయంటే సంబంధం ఖాయమైనట్టే. ఇక వెనక్కి పోవడం ఉండదు. నాయన ఆ మాటతో తలుపు మూసేశాననుకున్నాడు. మండీ వీధిలో ఆయన నోటిమాటకు రసీదు అడిగినవాడు లేడు, అంత నమ్మకం ఆయన మాట మీద. ఏకాంబరం మామ వక్క నములుతూ విని, "సరి బావా" అన్నాడు. గొడవ పడతాడనుకున్న మనిషి ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడని మా ఇంట్లో పాయసం వండారు.  

డిసెంబరు మొదట్లో మా బడిలో ఒక ఆట ఉండేది. క్లాసులో అందరి పేర్లూ చీటీల మీద రాసి డబ్బాలో వేసేవాళ్ళు. ఎవరి చీటీ మన చేతికొస్తే ఆ పిల్లకు మనం క్రిస్మస్ అమ్మ. సెలవులిచ్చేదాకా ఎవరి కంటా పడకుండా ఆ పిల్ల లాకరు అలంకరించాలి, చిన్న చిన్న కానుకలు పెట్టాలి. ఆఖరిరోజు ఎవరికెవరు అమ్మో బయటపెట్టుకుని, నవ్వుకుని, కేకు తినాలి. అందుకని ఆ రోజుల్లో లాకర్లకు తాళాలు వేయకూడదని బడి నడిపే సిస్టరు ఆర్డరు. హిందువులం, క్రైస్తవులం అని లేదు, అందరం ఆడేవాళ్ళం.

ఈ ఆట గురించి ఇంట్లో గొప్పలు చెప్పాను. అవ్వ దీపావళి నుంచి మా ఇంట్లోనే మకాం. అన్నం వడ్డిస్తూ గరిటె ఆపింది.

"తాళాలు ఏసుకోరా?"

"వేసుకోకూడదు అవ్వా."

"పెట్టేది ఎవురో మీకు తెలీదా?"

"తెలిస్తే ఆటేముంది?"

అవ్వ ఇంకో గరిటె అన్నం పెట్టింది. ముసలామెకు బడి ముచ్చట్ల మీద సరదా పుట్టిందని సంబరపడ్డాను.

నా లాకరులో మొదట వచ్చింది వెండికాగితపు నక్షత్రం. గుండె బొమ్మకు సరిగ్గా పైన అంటించి ఉంది. మర్నాడు మధ్యాహ్నం క్యారియరు కోసం తలుపు తెరిస్తే పక్కనే అరటాకు పొట్లం, అందులో కనకాంబరాల దండ. మధ్యమధ్య మరువం వేసి కట్టారు, తడి ఇంకా ఆరలేదు. తురుముకుని జయంతికి చూపించాను. అది ఊఁ అంది, అంతే.

మా ఇంట్లో పనిచేసే రాసాత్తి రోజూ క్యారియరు తెచ్చి లాకరులో పెట్టి, నేను తినేదాకా గేటు దగ్గర కూర్చుని ఖాళీ గిన్నెలు తీసుకుపోయేది. ఆ రోజు గిన్నెలు అందుకుని కదలకుండా నా తల వైపే చూసింది.

"బాగుండాయా రాసాత్తీ?"

"బాగుండాయి పాపా," అని చప్పున తల దించుకుంది.

అప్పట్నుంచి రోజూ పూలే. పూలతోపాటు ఏదో ఒకటి. ఒకరోజు పచ్చ గాజులు, నా చేతికి కొంచెం వదులు. ఒకరోజు ఇత్తడి చట్రం ఉన్న చేతి అద్దం, అంచుల్లో పాదరసం ఊడి మచ్చలు పడి ఉంది. నా క్రిస్మస్ అమ్మ ఇంట్లో పాత సామాను బాగా ఉందని నవ్వుకున్నాను. అద్దాన్ని గుండె బొమ్మ కింద చిన్న మేకు కొట్టి వేలాడదీశాను. వరండాలో పోయే ప్రతి పిల్లా నా లాకరు ముందు ఆగి జడ సవరించుకునేది. నాకు గర్వం తలకెక్కింది, ఎందుకు ఎక్కదు?

ఇంకో రోజు దంతపు దువ్వెన వచ్చింది. దాని పళ్ళకు చుట్టుకుని ఒక పొడుగాటి వెంట్రుక ఉంది. లాగితే లాగినకొద్దీ వచ్చింది. మా క్లాసులో ఎవరికీ అంత జుట్టు లేదు. మెంతుల నూనె వాసన వేసింది. ఆ వాసన నాకు తెలుసు, ఎక్కడిదో మాత్రం తట్టలేదు. వెంట్రుకను కిటికీలోంచి బయట వదిలేసి చెయ్యి పావడాకు తుడుచుకున్నాను.

ఇంట్లోనూ ఏవో మారుతున్నాయి. పొంగలి పండక్కి ఇంకా నెల ఉండగానే గోడలకు సున్నం కొట్టించారు. అమ్మ నా తలలో పూలు చూసి ఎవరిచ్చారని అడిగేది కాదు. పైగా నాతో మెత్తగా మాట్లాడేది, అదే నాకు వింతగా ఉండేది. అవ్వ రోజూ పంచాంగం తెరిపించి, "మార్గళి పుట్టేలోగా, మార్గళి పుట్టేలోగా" అని గొణిగేది. మార్గళి అంటే ధనుర్మాసం, అందులో శుభకార్యాలు చేయరు. నాయన పొద్దున నేను లేవకముందే మండీకి పోయి, నేను నిద్రపోయాక వచ్చేవాడు. నా తలలో పూలు ఆయన ఒక్కనాడూ చూడలేదు.

మార్గళి రేపనగా ఆ మధ్యాహ్నం లాకరు తెరిచాను. మల్లెపూలు! డిసెంబరులో మల్లెలంటే మాటలా? దండ పక్కన వెండి కుంకుమ భరిణె. పూలు పెట్టుకుని, అద్దంలో చూసుకుంటూ భరిణెలో కుంకుమ తీసి బొట్టు దిద్దుకున్నాను.

"చూస్తివా జయంతీ, మా అమ్మ ఎంత గొప్పింటిదో!"

జయంతి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నీ క్రిస్మస్ అమ్మను నేనేనే. నీ చీటీ నాకే వచ్చింది. నేను పెట్టింది ఆ నక్షత్రం ఒక్కటే. పూసల దండ గుచ్చుదామని ఉంటి, అంతలో ఎవురో నాకంటే బాగా పెడతా ఉండారు. ఇంక నేనేం పెట్టేది, చెప్పు!"

 భరిణె తిప్పి చూశాను. మా ఇళ్ళల్లో వెండి సామాను అడుగున సొంతదారు పేరు చెక్కించడం అలవాటు. అడుగున 'తాయారు' అని ఉంది.

మెంతుల నూనె వాసన తాయారత్తది. ఆవిడ నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని జడ వేసేది. ఆవిడ గాజులు నా చేతికి ఉన్నాయి, ఆవిడ కుంకుమ నా నొసట ఉంది, ఇన్ని రోజులూ ఆవిడ అద్దంలో నా మొహం చూసుకుని మురిసిపోయాను. 

గేటు దగ్గరికి పరిగెత్తాను. రాసాత్తి నన్ను చూడగానే ఏడుపు మొదలుపెట్టింది.

"పెద్దమ్మ, మీ అవ్వ, పెట్టమనింది పాపా. నీకు చెప్పొద్దు, సుమ్మా ఊరికే క్యారియరు పక్కన పెట్టేసిరా, పెట్టుకునిందో లేదో చూసి చెప్పు అనింది. చెప్పకపోతే పని మానిపిస్తామనిరి. ఈ పొద్దు ఇంట్లో అందరూ వచ్చిండారు. పెద్దమ్మకు బాగాలేదని సిస్టరమ్మ దగ్గర పర్మిషన్ కూడా అడిగేసినారు."

పూలు పీకి పారేద్దామని చెయ్యి ఎత్తాను. రోడ్డుకు అవతల కిళ్ళీ కొట్టు దగ్గర మామ నిలబడి ఉన్నాడు. పక్కన మా కులపెద్ద కామేశం. ఇద్దరూ నా తలే చూస్తున్నారు. మామ తొందరపడకుండా రోడ్డు దాటి వచ్చి, ఎత్తిన నా చెయ్యి పట్టుకుని, రిక్షా ఎక్కించి నా పక్కన కూర్చున్నాడు. గాజుల మీదుగా నా మణికట్టు బిగించాడు.

"పూలు అట్లే ఉండనీ. బాగుండాయి," అన్నాడు.

సౌకార్‌పేట దాకా ఆ చెయ్యి వదలలేదు.

ఇంట్లో మేడమీద చాపలు పరిచి, పళ్ళేల్లో పళ్ళూ తమలపాకులూ సర్దేశారు. నాయనను మండీ నుంచి అప్పుడే పిలిపించినట్టున్నారు, చొక్కా మీద పప్పు దుమ్ము అలాగే ఉంది. నా తల చూసి ఆయన మొహం పాలిపోయింది.

కామేశం గొంతు సవరించుకున్నాడు. "బాలసుందరం, నీ మాట ప్రకారమే జరిగింది. ఎవురూ బలవంతం చేయలే. ఇన్ని దినాలుగా పాప తానే పెట్టుకుంటా ఉంది. ఈ పొద్దు నా కండ్లారా చూసినా."

"పెట్టుకున్నావా పాపా?" అన్నాడు నాయన.

"పెట్టుకున్నా నాయనా. ఎవురివో నాకు తెలీదు. బడిలో ఆటనుకున్నా."

"తెలిసి పెట్టుకోవల్లని నువ్వు అన్లేదు కదప్పా," అన్నాడు కామేశం, నాయనతో. "తన చేత్తో, తన ఇష్టంగా అన్నావు. అంతే కదా?"

 ఆయన మాటను ఆయన మెడకే చుట్టారు. అవ్వ తాంబూలం పళ్ళెం ఆయన ముందుకు జరిపింది. ఆయన చేతులు పళ్ళెం వైపు కదలడం చూశాను. ఇక నన్ను కాపాడేవాళ్ళు లేరని నాకు అర్థమైంది. నేనే అడిగాను.

"మామా, మీ మిద్దె గోడ నాకు రొమ్ము దాకా వస్తుంది. అత్త నాకంటే పొట్టి. ఆ గోడ మీంచి ఎట్లా జారింది?"

కామేశం నోట్లో ఆకు నమలడం ఆగిపోయింది. అమ్మ తల ఎత్తలేదు. మామకు మాత్రం కోపం రాలేదు. నన్ను చూసి నవ్వాడు.

"తాయారు కూడా ఇట్లే. నలుగురిలో ప్రశ్నలు అడిగేది," అన్నాడు. "అదొక్కటే దాంతో తంటా. నీకు నేను మాన్పిస్తాలే."

ఆ గదిలో ఉన్నవాళ్ళందరూ ఆ మాట విన్నారు. 

నాయన లేచాడు. పళ్ళెం దాటి నా దగ్గరికి వచ్చాడు. నా జడలోంచి మల్లెదండ లాగేశాడు. అవ్వ కెవ్వుమంది. ఆయన బొటనవేలితో నా నొసటి బొట్టు చెరిపేశాడు, గట్టిగా, చర్మం మండేలా. తర్వాత నా రెండు చేతులూ పట్టుకుని ద్వారబంధానికేసి కొట్టాడు. పచ్చ గాజు పెంకులు చాప మీద పడ్డాయి. నా మణికట్టు తెగి రక్తం వచ్చింది.

మొగుడు పోయిన ఆడదానికి పదోరోజున చేసేవి ఈ మూడు పనులు. పెళ్ళికాని కూతురికి కన్నతండ్రి చేయడం మావాళ్ళల్లో ఎవరూ కని విని ఎరుగరు.

"ఏం పని చేసినావురా! ఇంక దీన్ని ఎవురు చేసుకుంటారు?" అని కామేశం లేచి నిలబడ్డాడు.

"నేను మాట తప్పలే," అన్నాడు నాయన.  "పాప పూలు పెట్టుకునింది. సంబంధం ఖాయమైంది. ఒప్పుకుంటా. ఇప్పుడు ఆ చేసుకోబొయ్యేవాడు చచ్చిపోయినాడు. అంతే."

ఏకాంబరం మామ నవ్వు పోయింది. పళ్ళేల మధ్య, అంతమందిలో, ప్రాణంతో కూర్చుని ఆ మాట విన్నాడు. ఎవరైనా నాయనను వారిస్తారని అందరి మొహాలూ చూశాడు.

అప్పుడు మా అమ్మ ఏడ్చింది. దీపావళి నుంచి ఈ సంబంధం గురించి నోరు మెదపని మా అమ్మ, నన్ను దగ్గరికి లాక్కుని, తమ్ముడు ఎదురుగా ఉండగానే, తమ్ముడి పేరు పెట్టి రాగం తీసి శవం ముందు ఏడ్చినట్టు ఏడ్చింది. అది విని పక్కింటి ఆడవాళ్ళు మెట్ల దాకా వచ్చి, ఎవరు పోయారని అడిగారు.

చావింటి నుంచి బయల్దేరేవాళ్ళు పోయొస్తామని చెప్పరు. మామ కూడా ఎవరికీ చెప్పకుండానే మెట్లు దిగిపోయాడు.