తుండుగుడ్డ మీద ఎర్ర మరక

నేను ఒక తుండుగుడ్డను. ఆమధ్య నెల రోజులు మా ఇంట్లో అత్తాకోడళ్ళ తగువు నా గురించే నడిచింది. నా తెల్లటి ఒంటి మీద ఎర్ర మరకలు పడేవి. అవి అత్తగారు అప్పలనరసమ్మ ఆకువక్క నమిలి మూతి తుడుచుకున్న మరకలేనని కోడలు సుభాషిణి అభిప్రాయం. ఆ మాట ఎదురుగా అనేది కాదు. నన్ను బకెట్లో ముంచి సబ్బు రాస్తూ, ఎంత రుద్దినా ఈ ఎరుపు వదలడం లేదని గోడకు చెప్పేది. వసారాలో మంచం మీద కూర్చున్న ముసలావిడ ఆ మాట విని జవాబిచ్చేది.

"నానెప్పుడైనా తుండుతో మూతి తుడిసేనా? నాకు కొంగు లేదేటి?"

ఒకావిడకు కొడుకూ ఇంకొకావిడకు మొగుడూ అయిన కూర్మారావు ఆ రోజుల్లో బస్ డిపోకి అరగంట ముందే బయల్దేరేవాడు.

నేను రాజాం దగ్గర ఒక మగ్గం మీద పుట్టాను. నీలం అంచు, చిక్కటి నేత. కూర్మారావు నన్ను విజయనగరంలో కొన్నాడు. మూడేళ్ళు అతని తల తుడిచాను. అంచుల్లో పీచు లేచాక నన్ను వంటింటికి పంపారు. అక్కడ అన్నం గిన్నె దించే గుడ్డనయ్యాను. మనుషుల దగ్గర గుడ్డకు వయసు పెరిగేకొద్దీ హోదా తగ్గుతుంది. ఇక నేల తుడవడమే మిగిలింది అనుకుంటుండగా, ఒకరోజు జిలేబి నన్ను దండెం మీంచి లాక్కుపోయింది.

జిలేబి ఏడాదిన్నర వయసున్న పసుపు రంగు కుక్క. దానికి తోడు ఇంకో కుక్క, సింగన్న. నల్లటివాడు, మూతి చుట్టూ నెరిసినవాడు. కూర్మారావు కూతురు హిమజ ఉయ్యాలలో ఉన్నప్పుడు గేటు కింద నుంచి దూరి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. హిమజ ఇప్పుడు ఏడో తరగతి.

పొద్దున్న పాలు కాగేలోపు ఒక ఆట, సాయంత్రం హిమజ బడి నుంచి వచ్చాక ఒక ఆట. జిలేబి నా కొస ఒకటి కరుచుకుని, రెండో కొస సింగన్న ముక్కు ముందు పడేసేది. వాడు లేచి ఒళ్ళు విరుచుకుని, పెద్దమనిషి తరహాలో అందుకునేవాడు. ఆ తర్వాత నేను సాగేదాన్ని. నేసినవాడు చూస్తే గర్వపడేవాడు. సింగన్న గెలిచినా నన్ను దాచుకునేవాడు కాదు. నాలుగడుగులు వేసి, వెనక్కి తిరిగి, కొస మళ్ళీ జిలేబి ముందు పడేసేవాడు. ఆట అయ్యాక సుభాషిణి నన్ను ఉతికి మళ్ళీ దండెం మీదే ఆరేసేది.

తర్వాత తర్వాత వాడి పట్టు సడలింది. ఎడమవైపు పళ్ళతో పట్టడం మానేశాడు. జిలేబి లాగితే నున్నటి గచ్చు మీద తడి మూటలాగా జారుకుంటూ వచ్చేవాడు. ఇంటిల్లిపాదీ నవ్వేవారు. హిమజ ఫోన్లో వీడియోలు తీసేది. ముసలాడికి బద్ధకం వచ్చిందని కూర్మారావు అన్నాడు. అన్నం వదిలేస్తుంటే, రుచి మరిగాడని సుభాషిణి గుడ్డు కలిపి పెట్టింది. వాడి నోట్లోంచి వెచ్చగా నాలోకి ఇంకుతున్నదేమిటో నాకు తెలుసు. తెలిసి ఏం లాభం. నన్ను పిండితే నీళ్ళే వస్తాయి, మాటలు రావు.

అప్పలనరసమ్మకు మాట పడడం అలవాటు లేదు. ఎవరికీ చెప్పకుండా ఆకువక్క మానేసింది. అరవై ఏళ్ళ అలవాటు. మూడు రోజులు తలనొప్పితో మంచం దిగలేదు. నాలుగో రోజు పొద్దున్న ఆట అయ్యాక నన్ను నేల మీంచి తీసి, వంటింటి గుమ్మంలో నిలబడి కోడలి ముందు చాపింది. కొత్త మరక ఇంకా తడిగా ఉంది.

"నోట్లో ఆకెట్టి మూడ్రోజులైంది. ఇదెక్కడిదో చెప్పు."

సుభాషిణి నన్ను చూసింది. తర్వాత వసారాలో పడుకున్న సింగన్నను చూసింది. పొయ్యి కట్టేసి వెళ్ళి, వాడి పక్కన కూలబడి, వాడి పెదవి పైకెత్తింది. చాలాసేపు దించలేదు.

దవడ ఎముక దాకా పుండు పాకిందని పశువుల డాక్టరు చెప్పాడు. మొదట్లోనే తెస్తే ఆ ముక్క కోసి తీసేవాణ్నన్నాడు. నొప్పికి మాత్రలిచ్చాడు. అవి పనిచెయ్యని రోజు వస్తుందని, అప్పుడు కబురు చేస్తే ఇంటికే వచ్చి సూది వేసి నొప్పి లేకుండా శాశ్వతంగా నిద్రపుచ్చుతానని అన్నాడు.

నెల రోజులు ఆ రక్తాన్ని తన చేతులతోనే ఉతికింది సుభాషిణి. ఆ తర్వాత ఆమె నన్ను సబ్బుతో రుద్దలేదు. వట్టి నీళ్ళలో జాడించి ఆరేసేది. భర్త సూది మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేది. అతను కూడా ఈ ఆదివారం కాదు, వచ్చే ఆదివారం చూద్దాం అనేవాడు. వాడింకా ఆడుతున్నాడు కదా నాన్నా అని హిమజ అనేది. ఆ మాట పట్టుకుని మూడు వారాలు గడిపారు. ఆడుతున్న మాట నిజమే. జిలేబి కొస తెచ్చి పడేసిన ప్రతిసారీ వాడు అందుకున్నాడు. అందుకున్నప్పుడు వాడి పెదవి ఎంత వణికేదో నాకొక్కదానికే తెలుసు.

మొన్న సాయంత్రం జిలేబి కొస తెచ్చి పెట్టింది. సింగన్న నోరు తెరిచి మెల్లగా పట్టుకున్నాడు. జిలేబి లాగలేదు. కాసేపు వాడి మొహంలోకి చూసి, తన కొస వదలకుండానే గచ్చు మీద పడుకుంది. వాడూ పడుకున్నాడు. వాళ్ళిద్దరి మధ్య నేను వదులుగా పడి ఉన్నాను. అంతకు ముందెప్పుడూ నేను అలా పడి లేను.

మంచం మీద నుంచి అప్పలనరసమ్మ చూస్తూనే ఉంది. గోడ పట్టుకుని లేచి వచ్చి సింగన్న పక్కన కూర్చుంది. వాడి మెడ మీద చెయ్యి వేసి, ముగ్గురినీ పేరుపేరునా పిలిచింది. డిపో నుంచి అప్పుడే వచ్చిన కూర్మారావు, కాఫీ గ్లాసుతో సుభాషిణి, బడి బట్టలు విప్పని హిమజ వచ్చి చుట్టూ నిలబడ్డారు.

"వీడు ఆడాలని ఆడ్డం లేదురా. అది తెచ్చి ఇస్తంది గదాని పట్టుకుంటన్నాడు. మనవూ అంతే, వీడు పట్టుకుంటన్నాడు గదాని ఊరుకుంటన్నాం."

 ముసలావిడ కోడలి వైపు చూడకుండా, కొడుకుతో నిదానంగా చెప్పింది.

"డాక్టరు బాబుని రేపు పొద్దున్న రమ్మను. సుభాషిణిని ఏటీ అడక్కు. ఇది నాను చెప్పిన మాట. రేపెవరడిగినా, మామ్మ చెప్పిందనండి."