కాలని భుజం

శనివారం అభ్యంగనం తప్పితే భీమరావు ఆదివారం మనిషిగా ఉండడు. ఆదోనిలో తద్దినాలకూ హోమాలకూ మడివంట చేసే మనిషి. పొయ్యి సెగకు ఎండిపోయే ఒంటికి నువ్వుల నూనే మందని ఆయన నమ్మకం. గిన్నెలో నూనె గోరువెచ్చగా కాచుకుని, చాపమీద కూర్చుని, కీళ్లకు గుండ్రంగా, కాళ్లకూ చేతులకూ పొడుగ్గా, ఎవరినీ చెయ్యి పెట్టనివ్వకుండా తానే పట్టించుకుంటాడు. ఆయన పని అయ్యాక మనవరాలు శ్రీరక్ష వంతు. ఏడేళ్ల పిల్ల, వీపు తిప్పి బుద్ధిగా కూర్చుంటుంది.

ఆ శనివారం గిన్నె పొయ్యిమీద ఉండగా కోడలు సుప్రీత ఫోన్ చేసింది. ఎమ్మిగనూరులో టీచరు, పొద్దున బస్సుకు పోతే సాయంత్రానికి గానీ రాదు. పాప తినిందా అని మొదలైన మాట ఎక్కడెక్కడికో పోయింది. ఈలోగా నూనె కాగిపోయింది. భీమరావు చూసుకోకుండా గిన్నె వంచి ఎడమ భుజం మీద ధార పోసుకున్నాడు. కుడిచేత్తో రుద్దబోతే వేళ్లు చుర్రుమన్నాయి. భుజం మాత్రం ఉలకలేదు, పలకలేదు. చూస్తుండగానే చర్మం మీద పొక్కులు లేచాయి.

వేలితో నొక్కాడు, గిల్లాడు. ఏమీ తెలియలేదు. అక్కడ రాగిరంగు మచ్చ ఒకటి ఎప్పటినుంచో ఉంది, సెగకు వచ్చిందని వదిలేశాడు. ఇప్పుడు తొలి ఏకాదశి గుర్తొచ్చింది.

ఆరోజు మఠంలో హోమాగ్నిలో కాచిన శంఖచక్రాల లోహముద్రలు భుజాలకు వేయించుకున్నాడు. కుడిభుజాన చక్రం చురుక్కుమంది గానీ, ఎడమభుజాన శంఖం పడిందో లేదో కూడా తెలియలేదు. స్వామి కరుణ అనుకున్నాడు. అనుకుని ఊరుకున్నాడా? వీధంతా చెప్పుకున్నాడు. విన్నవాళ్లూ తక్కువవాళ్లేం కాదు, కాళ్లకు మొక్కారు. ఆ కరుణకు అసలు పేరు ఇప్పుడు తెలిసింది. పేరు పలకడానికే జడిసి జనం పెద్దరోగం అంటారే, అది.

అంతలో శ్రీరక్ష వచ్చి ఎప్పటిలాగే వీపు తిప్పి కూర్చుంది. ఆ చిన్న వీపున, రెక్క కింద, పావలా అంత తెల్లమచ్చ. అదేదో దుమ్ముకు వచ్చిన పొడ అనుకుని దానిమీదే ఇంకాస్త ఎక్కువ నూనె రుద్దేవాడు. ఈ చేతులతోనే. భీమరావు నూనె చేతులు పంచెకు తుడుచుకున్నాడు. తాత ఎంతకీ చెయ్యి వేయకపోతే, నా వీపుకు ఏమైందని పిల్ల అడిగింది. ఆ మచ్చ మాటెత్తితే ఊరుకోనని, దగ్గరికి రావద్దని గద్దించాడు. ఎన్నడూ కసరని తాత కసిరేసరికి పిల్ల బిక్కమొహం వేసుకుని లోపలికి పోయింది.

ఆ తర్వాత ఆయన మనిషి మనిషిలా లేడు. ఒంట్లో బాగాలేదని వంటలు మానుకున్నాడు. వేరే చాప, వేరే చెంబు. కోడలికి చెబుదామని నోరు తెరుస్తాడు, మళ్లీ మూస్తాడు. చెబితే మడి పోతుంది, వంట పోతుంది, వాకిట్లోకి ఎవరూ రారు. అవన్నీ పోతే పోనీ, పిల్లకు అంటించానా అన్న భయమే ఆయన్ను బతకనివ్వలేదు.

ఆశా కార్యకర్త మంజుల కుష్ఠు సర్వేకని వచ్చింది ఆ రోజుల్లోనే. స్పర్శ తెలియని మచ్చలు ఇంట్లో ఎవరికైనా ఉన్నాయా అని అడిగింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, భీమరావు చెయ్యి తనంతట తానే భుజంమీది ఉత్తరీయం సర్దింది. మా ఇంట్లో అట్లాంటివి ఉండవని గట్టిగా చెప్పాడు. రోగాలు ఆచారం కనుక్కుని మరీ వస్తాయి కాబోలు. మంజుల గేటుదాకా పోయింది. లోపలినుంచి తొంగిచూసిన శ్రీరక్ష, తాత చూపు తగలగానే జడిసి వెనక్కి తగ్గింది. అది చూసి ఆయన ఇక ఓర్చుకోలేకపోయాడు.

"ఉండు అమ్మాయీ. నాకు ఉంది. పాపకు గూడా వచ్చిందేమో చూడు."

మంజుల అదిరిపడలేదు. వెనక్కి వచ్చి భుజాన్ని దూదిపోగుతో తాకి చూసింది. డాక్టరు చూసి ఖాయం చేయాలని, మాత్రలు ఊరికే ఇస్తారని, అవి మొదలుపెడితే ఇంకొకరికి అంటదని నెమ్మదిగా చెప్పింది. ఆయన చెవికి ఒక్కటీ ఎక్కలేదు. పాపను చూడమని మళ్లీ అదే మాట.

శ్రీరక్షను పిలిచి, కళ్లు మూసుకోమని, తాకినప్పుడల్లా చెప్పమంది మంజుల. మెడమీద తాకింది. ఆ, అంది పిల్ల. నడుంమీద తాకింది. ఆ, అంది. మచ్చమీద తాకింది. పిల్ల పలకలేదు.

భీమరావు తలుపు పట్టుకున్నాడు. ఇంతకాలం కొలిచిన దేవుడి పేరు కూడా నోటికి రాలేదు.

మంజుల ఇంకోసారి దూది ఆనించింది. "ఏమన్నా తెలుస్తాందా పాపా?"

శ్రీరక్ష కళ్లు తెరిచి ముందు తాతవైపు చూసింది. "తెలుస్తాంది. ఆ మచ్చ మాటెత్తితే తాత తిడతాడు, అందుకే సెప్పలేదు."

భీమరావు అక్కడే గోడవారగా కూలబడి, పిల్ల ముందే వలవలా ఏడ్చాడు. పాపను కూడా ఒకసారి డాక్టరుకు చూపిద్దాం స్వామీ, అంటోంది మంజుల. ఆయన తలూపాడు. దగ్గరికి రమ్మని శ్రీరక్షవైపు చెయ్యి చాపాడు. అప్పటికే తలుపు చాటుకు పోయిన పిల్ల ఇవతలికి రాలేదు.