పడుగు పేక లేని బట్ట

సీనా నదికి వరద వచ్చి పూణే రోడ్డు మీద బండ్లు ఎక్కడివక్కడ నిలిచిపోయిన యేడు ఇది జరిగింది. వరద తీసింది, దీపావళి పోయింది, చలి మొదలైంది. నేను పనిచేసే టవల్ కార్ఖానా అప్పటికే మూతపడి ఉంది. ఇంట్లోనే ఉంటున్నాను.

మా ఇల్లు సోలాపూర్‌లో, విడీ ఘర్కుల్‌లో. బీడీలు చుట్టే ఆడవాళ్ళ కోసం కట్టిన కాలనీ అది. ఇల్లు నా భార్య రాజమ్మ పేరు మీద ఉంది. కోపం వస్తే "నా ఇంట్లకెల్లి నడువు" అంటుంది నాతో. కొడుకు మంగేశ్, కోడలు శీతల్ భివండిలో మరమగ్గాల మీద పని చేస్తారు. వాళ్ళ బిడ్డ ఋతుజ చిన్నప్పటి నుంచి మా దగ్గరే పెరిగింది.

ఋతుజ ఈదుతుంది. ఈది ఒడ్డుకు వచ్చి సైకిల్ తొక్కుతుంది. సైకిల్ దిగి పరుగెత్తుతుంది. మూడూ కలిపి ఒకటే పోటీ. ట్రయథ్లాన్ అంటారట. మొదటిసారి ఆ సంగతి చెప్పినప్పుడు రాజమ్మ అడిగింది.

"ఈత కొట్టినంక సైకిలెందుకే, ఇంటికి రానీకా?"

"కాదవ్వా, అది గూడ పోటీనే."

"మరి ఉరుకుడెందుకు? నడుమల సైకిల్ పంక్చరైతదా?"

నవ్వుతూనే అడిగింది గాని, ఆ ఈత మీద ఆమె ఎంత ఆశ పెట్టుకుందో నాకు తెలుసు. మా కాలనీలో ఆడపిల్ల కాస్త ఎదగగానే కుడిచేతి బొటనవేలి గోరు పెంచమంటారు. ఆకులో తంబాకు పోసి చుట్టిన తర్వాత, కొసను గోటితో లోపలికి నొక్కి బీడీ మూతి మూయాలి. గోరు లేకపోతే చెయ్యి సాగదు. రాజమ్మ గోరు కొమ్ములా గట్టిపడి, తంబాకు రంగు పట్టి ఉండేది. అన్నం కలిపేటప్పుడు కూడా దాన్ని పైకెత్తి పట్టుకునేది. అదే రాజమ్మ ప్రతి ఆదివారం ఋతుజను ముందర కూర్చోబెట్టుకుని, ఆకు కోసే కత్తెరతోనే గోళ్ళన్నీ మట్టంగా కత్తిరించేది. "పిల్లకు పని నేర్పవా రాజవ్వా" అని ఎవరైనా అంటే, "ఒక ఇంట్ల ఒక్క గోరు చాలు" అనేది.

ఆ చలికాలంలో ఉత్తరాన కొండల మీద ఒక చెరువు దగ్గర పెద్ద పోటీ పెట్టారు. అందులో ముందు వచ్చిన పిల్లలను పూణేలో ఆటల హాస్టల్‌లో చేర్చుకుంటారని ఈత నేర్పే తుషార్ సర్ చెప్పాడు. తిండి, చదువు, నేర్పేవాళ్ళు అన్నీ అక్కడే. వచ్చే యేటికి ఋతుజకు వయసు దాటిపోతుంది. చేరితే ఈసారే చేరాలి.

ఆ చెరువు నీళ్ళు మంచులాగా ఉంటాయట. ఒంటికి అతుక్కునే రబ్బరు సూటు లేకపోతే దిగనివ్వరు. సర్‌కు తెలిసిన ఒక డాక్టరమ్మ తన సూటు ఇచ్చింది. రైలు సాయంత్రం అనగా పొద్దున ఋతుజ దాన్ని ఇంటికి తెచ్చింది. ఒకసారి తొడిగి చూసుకుని అలవాటు చేసుకోమని సర్ చెప్పి పంపాడు.

సంచిలోంచి తీసి నా ఒళ్ళో పెట్టింది. బట్ట చేతికి వస్తే రెండు వేళ్ళ మధ్య నలిపి చూడడం నాకు అలవాటు. నలిపాను. పడుగు లేదు, పేక లేదు. లోపలివైపు సన్నటి గుడ్డ అతికించి ఉంది గాని, అదీ నేసింది కాదు, అల్లింది.

"ఏమయ్యా, ఎన్నో నంబరు నూలు?" అంది రాజమ్మ.

"నూలు లేదు," అన్నాను.

"బర్రె తోలు లెక్కుంది. బర్రె గూడ నీళ్ళల్లనే పంటది గద."

"అవ్వా!" అని ఋతుజ నవ్వింది.

కొత్త బట్ట ఒంటి మీద వేసే ముందు మూలకు పసుపు పెట్టాలి. రాజమ్మ వంటింట్లోంచి వేలికి పసుపు అద్దుకుని వచ్చింది.

"ఇది కొత్తది కాదవ్వా. డాక్టర్ మేడమ్ తొడిగిందే."

"నీ ఒంటికి కొత్తదే గద. నిలవడు."

రబ్బరుకు పసుపు పట్టలేదు. జారిపోయింది. మెడ లోపల చిన్న గుడ్డ చీటీ కుట్టి ఉంటే వెతికి దానికి పెట్టింది. పెట్టి కళ్ళు మూసుకుని ఏదో మొక్కుకుంది.

నన్ను గడప దగ్గర వాకిలి వైపు తిరిగి కూర్చోమన్నారు. కూర్చున్నాను. లోపలి సంగతి చెవులకే తెలిసింది.

"కాళ్ళకు క్యారీబ్యాగులు తొడుక్కోవాల్నంట. అప్పుడు జారుతదంట."

"కొత్తిమీర ఉన్నదందుల."

"కొత్తిమీర కింద పెట్టు, అవ్వా."

ప్లాస్టిక్ గలగల వినిపించింది. తర్వాత ఇద్దరూ రొప్పడం వినిపించింది. జొన్నల బస్తా ఎత్తేవాళ్ళు రొప్పినట్టు.

"ఉల్టా తొడిగినవే పిల్లా. జిప్పు ముంగటికి రావాలె."

"కాదు, ఎనకనే ఉంటది."

"ఎనకుంటె ఎవలు పెడ్తరు? చెర్ల మనిషుంటడా?"

"తాడున్నది గద, బగ్, ఇటు సూడు. అది పట్టుకొని మనమే గుంజుకోవాలె. అవ్వా, గోరు! గోరు తాకనియ్యకు. వేళ్ళ మెత్తతోని పట్టి జరపాలె. సర్ మరీ మరీ చెప్పిండు."

"నాకెరుకలేదా? ఆకు చినగకుండ పట్టిన చెయ్యే ఇది."

అన్నదే గాని, గుడ్డపేలిక చింపిన చప్పుడు వినిపించింది. బొటనవేలికి చుట్టుకున్నట్టుంది.

పక్కింటి మల్లమ్మ కిటికీ ఊచల దగ్గర నిలబడింది. "ఏం నడుస్తున్నదే రాజవ్వా? పిల్లను ట్యూబుల నింపుతున్నవా? గాలి గూడ కొడ్తవా?"

"ముందుగాల నీ నోట్ల కొడ్త. పో, నీ పొయ్యి మీద పాలు పొంగుతున్నయ్."

మల్లమ్మ నవ్వుకుంటూ పోయింది. కొంచెంసేపటికి రాజమ్మ నన్ను పిలిచింది.

"గడపకు కావలున్నది చాలు గని, ఇట్ల రా. ఎనక పట్టు. నాతోని అయితలేదు."

లేచి లోపలికి పోయాను. ఋతుజ మడమల నుంచి మెడ దాకా నల్లగా నిలబడి ఉంది. వీపు దగ్గర మాత్రం రెండు అంచులు కలవకుండా దూరంగా ఉన్నాయి. వాటిని రెండు చేతులా దగ్గరికి పట్టుకున్నాను. రాజమ్మ తాడు పట్టి జిప్పు పైకి లాగింది. పైదాకా వచ్చింది.

ఋతుజ మెల్లగా నాలుగు అడుగులు వేసింది. చేతులు ఒకదాని తర్వాత ఒకటి ఎత్తి గాలిలో ఈదింది. ఇల్లు చిన్నది. ఒక చెయ్యి గోడకు తగిలింది, ఇంకో చెయ్యి దేవుడి పటానికి తగలబోయింది. రాజమ్మ ఆమెను కింది నుంచి పైకి చూసింది.

"అగ బాయి! ఇంజను లెక్కున్నది నా బిడ్డ," అంది.

ఆ మాట అన్నప్పటి రాజమ్మ ముఖం నేను అంతకు ముందు చూడలేదు. మా పెళ్ళిలో కూడా చూడలేదు.

అప్పుడే ఋతుజ చేతులు ఆగిపోయాయి. మెడ దగ్గర వేళ్ళు పెట్టుకుంది.

"అవ్వా, గాలి వస్తలేదు."

మొదటిసారి తొడిగిన వాళ్ళకు అట్లా అనిపిస్తుందట. కదలకుండా నిలబడి మెల్లగా ఊపిరి తీస్తే సర్దుకుంటుందట. ఇది తర్వాత తుషార్ సర్ చెప్పాడు. అప్పుడు మాకు తెలియదు. పిల్ల ముఖం ఎర్రబడింది. కళ్ళు పెద్దవయ్యాయి.

"తియ్యవ్వా! జల్ది తియ్!"

నేను వెనక జిప్పు తాడు కోసం తడిమాను. తాడు దొరకలేదు. రాజమ్మ ముందు నుంచి మెడ దగ్గర పట్టి బలమంతా పెట్టి గుంజింది. వేలికి చుట్టిన పేలిక ఎప్పుడో జారి కింద పడింది. ఆమె చూసుకోలేదు.

చప్పుడు రాలేదు. నేసిన బట్ట చినిగితే పోగు పోగు తెగిన చప్పుడు వినిపిస్తుంది. చెయ్యి అక్కడికక్కడ ఆగుతుంది. దీనికి ఆపే పడుగూ పేకా లేవు. గోరు దిగిన చోట తెగి, అక్కడి నుంచి భుజం దాకా ఒక్కసారే నోరు తెరిచింది.

ఋతుజ ముందు గాలి పీల్చుకుంది. రెండుసార్లు, మూడుసార్లు పీల్చుకుంది. ఆ తర్వాత తల వంచి భుజం వైపు చూసుకుంది.

"ఏం గాలేదవ్వా," అంది. "ఏం గాలేదు."

రాజమ్మ కుడిచెయ్యి తనది కానట్టు పక్కకు పట్టుకుని నిలబడింది.

సూటు విప్పగానే సంచిలో పెట్టుకుని ఆటోలో కొంతం చౌక్ పోయాను. అక్కడ సిద్ధరాములు పంక్చర్ దుకాణం ఉంది. మా పాత గల్లీ మనిషి.

"సాయిలన్నా, ఏందిది? మనిషి తోలు పట్కొచ్చినవ్?"

చెప్పాను. నవ్వు ఆపేశాడు. లోపలికి తీసుకుపోయి గరుకు కాగితంతో రుద్ది, సొల్యూషన్ పూసి, లోపల ఒకటి పైన ఒకటి పట్టీలు వేశాడు. ఇనుప దిమ్మె పెట్టి ఆరబెట్టాడు. ఇస్తూ అన్నాడు.

"ట్యూబైతే నేను గ్యారంటీ ఇస్త. ఇది మనిషితోని సాగేదాయె. నా పట్టీ అంత సాగదన్నా. సూడు, అదృష్టం."

ఇంటికి వచ్చేసరికి ఋతుజ బ్యాగు సర్దుకుని ఉంది. ఈసారి రాజమ్మ దగ్గరికి రాలేదు. గది మూలన చేతులు కొంగులో చుట్టుకుని కూర్చుంది. ఋతుజే నిమ్మళంగా తొడుక్కుంది. జిప్పు నేను లాగాను. ఊపిరి ఆడటం లేదని అనలేదు. అందరం భుజం వైపే చూస్తున్నాం. చెయ్యి ఎత్తింది. పట్టీ ఒక మూల లేచింది. దించి మళ్ళీ ఎత్తింది. సగం లేచింది. ఇక ఎత్తలేదు.

తుషార్ సర్ ఆమెను స్టేషన్‌కు తీసుకుపోవడానికి మోటార్ సైకిల్ మీద వచ్చాడు. సూటు పట్టుకుని చూశాడు. ఒక్క మాట గట్టిగా అనలేదు. ఆ చినుగులోంచి చల్లటి నీళ్ళు లోపల నిండితే సూటు ఉన్నా ఆమె ఒళ్ళు కొయ్యబారుతుందని మరాఠీలో చెప్పాడు. పోటీ వాళ్ళు చూస్తే ఎట్లాగూ దిగనివ్వరన్నాడు. వాకిట్లో నిలబడి ఎవరెవరికో ఫోన్లు చేశాడు. ఒకచోట మగవాళ్ళ సూటు ఉందన్నారు, ఒకచోట చిన్నపిల్లలది ఉందన్నారు. డాక్టరమ్మకు కూడా చేశాడు. పోనీలెమ్మని అన్నదట.

"మొదటిసారి నేనే పక్కన ఉండి తొడిగించాల్సింది," అన్నాడు చివరికి. మిగిలిన పిల్లలు స్టేషన్‌లో ఎదురు చూస్తున్నారు. బండి ఎక్కాడు.

రాజమ్మ చెప్పులు లేకుండా గల్లీలోకి పరుగెత్తింది. బండి హ్యాండిల్ పట్టుకుంది.

"సర్, గోరు నాది. పిల్లది కాదు. నన్నేమన్న అనుండ్రి, పిల్లను తోల్కపోండ్రి."

సగం తెలుగు, సగం మరాఠీ. సర్‌కు అర్థమైంది. ఆమె చెయ్యి మెల్లగా తీసి తన రెండు చేతుల్లో పట్టుకుని, "ఆజీ" అన్నాడు, అవ్వా అన్నట్టు. బండి పోయింది. బీడీ చాటలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న గల్లీ ఆడవాళ్ళంతా చూశారు.

దీపాలు పెట్టే వేళకు రాజమ్మ గడప మీద కూర్చుని, ఆకు కోసే కత్తెర తీసుకుని బొటనవేలి గోరు కత్తిరించుకుంది. గోరు మందం. ఒక్కసారికి తెగలేదు. అటునుంచి కొంచెం, ఇటునుంచి కొంచెం కోసింది. కింద చర్మం తెల్లగా, చిన్నపిల్లల చర్మంలాగా ఉంది.

ఋతుజ చూసి వచ్చింది. "ఎందుకవ్వా? రేపు బీడీలెట్ల చేస్తవ్?"

"చెయ్య."

"నేను నిన్నేమన్న అన్ననా?"

"అనరాదే ఒక్కమాట. అంటె నాకింత బువ్వన్న దిగుతది."

ఋతుజ ఆమె పక్కన కూర్చుంది. అనలేదు. ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు. మల్లమ్మ రొట్టెలు తెచ్చి పెట్టి పోయింది.

తెల్లవారి నేను లేచేసరికి దీపం వెలుగుతోంది. రోజూ ఆ వేళకు ఋతుజ ఈతకు పోయి ఉంటుంది. ఆ రోజు పోలేదు. రాజమ్మ చాటను తన ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది ఋతుజ. నిన్న నానబెట్టిన ఆకు పాడైపోతుందని కోసింది. తంబాకు పోసి చుడుతోంది. గోరు లేదు గనక అగ్గిపుల్లతో మూతి నొక్కుతోంది. పుల్ల ఆకును పొడుస్తోంది. రాజమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. నిద్రపోవడం లేదు. వీపు చూస్తే తెలిసింది.

నేను పోయి ఋతుజ ఒళ్ళోంచి చాట తీసుకున్నాను.

"తాతా, నీకు రాదు."

"నీకూ రాదు," అన్నాను. "ఈతకు పో."

"ఎందుకు తాతా, ఇప్పుడు?"

ఆమె లేచి గోడకు ఆనుకుని నిలబడింది. పోలేదు. నేను ఆమె కూర్చున్న చోట కూర్చున్నాను. మగవాళ్ళు చాట పట్టరు మా కాలనీలో. తలుపు తీసే ఉంది. ఆకు పరిచి తంబాకు పోసి చుట్టాను. దారం మాత్రం సరిగ్గా కట్టగలిగాను. మిగతాదంతా వదులుగా వచ్చింది. మూతి మూయబోతే కొస పగిలింది.

రాజమ్మ లేచి వచ్చి నా ఎదురుగా కూర్చుంది. నా చేతిలోంచి ఆ బీడీ తీసుకుని, దారం విప్పి, తంబాకు చాటలో దులిపింది. ఇంకో ఆకు తీసి నా ముందర పెట్టింది. మళ్ళీ చుట్టాను.