గైలార్డియాకు నీళ్లు

అన్నం వార్చి వచ్చి సుధామణి పెరట్లో గైలార్డియా పూలు తుంచుతోంది. మధ్యన ఎరుపు, రేకుల చివర పసుపు. గుడికి దండ కట్టాలి. వేళ్లు దగ్గరికొచ్చినా ఒక సీతాకోకచిలుక పువ్వును వదలలేదు.

"పురుగులక్కూడా అన్నసత్రం ఎట్టీసినావేటే?" అంది అత్తగారు గడపలోంచి.

ఆ విత్తనం నది అవతల తన్లిన్ ఊళ్లో ఉండే అక్క ఇచ్చింది. ఎక్కడో అమెరికా గడ్డి మైదానాల పువ్వని అక్క కూతురు దేవి ఫోన్లో చూసి చెప్పింది. తాముండే తాకేటా పేటలో కరెంటు లేక నీళ్ల మోటార్లు ఆగిపోయిన వేసవిలో కూడా పాత రంగు డబ్బాల్లో విరగబూసింది. భర్త కన్నారావుకు అందుకే నచ్చింది. "దీన్తో పనే నేదు. సుక్క నీళ్లెయ్యకపోయినా బతుకుద్ది," అనేవాడు వచ్చినవాళ్లతో.

ఆ దండ కట్టిన కొన్నాళ్లకే అక్క మంచం పట్టింది. "ఓపాలి ఎల్లొస్తానండి," అంది సుధామణి. ఆయన టీ చల్లార్చుకుంటూ, "మరి వంట?" అన్నాడు. అంతే. తన్లిన్ వంతెన అవతలే, బస్సెక్కితే గంట పట్టదు. ఆ చిన్న ప్రశ్నకు జవాబు సిద్ధం చేసుకునేసరికి అత్తగారికి కాలినొప్పి, ఆపైన చుట్టాలు. ఎప్పుడడిగినా అదే ప్రశ్న. అరవడు, తిట్టడు. "ఎప్పుడొస్తావే?" అని అక్క ఫోన్లో అడిగితే, "ఈ ఆదివారం" అనేది. అక్క నమ్మేది. చివరికి సుధామణి వెళ్లేసరికి అక్క శవానికి స్నానం చేయిస్తున్నారు.

పెద్దకర్మ అయ్యాక ఇంటికొచ్చింది. డబ్బాల్లో మట్టి బురదయిపోయింది. గైలార్డియా కుదుళ్లు నల్లబడి వాలిపోయాయి.

"నువ్ నేవని బియ్యం కడిగిన నీళ్లు రోజూ నేనే పోసినాను," అన్నాడు కన్నారావు. గొంతులో కాస్త గర్వం. ఈ కాపురంలో అడక్కుండా ఆయన చేసిన పని అదొక్కటే అనిపించి ఆమెకు కోపం రాలేదు. రానందుకే బాధేసింది.

"నీళ్లెక్కువైతే కుళ్లిపోతాదండి."

"నాకేటి తెలుసు? సెప్పాల గదా."

"అక్క కాడికెల్తానని సెప్పినాను గదా."

"నేనెల్లొద్దన్నానేటి? నువ్వే ఎల్నేదు."

నిజమే. వద్దని ఒక్కసారీ అనలేదు. అని ఉంటే ఏడ్చేది, పోట్లాడేది, ఏదో ఒక రోజు మొండికేసి బస్సెక్కేసేది. ఎవరూ వెయ్యని గొళ్లెం ముందు ఇన్నాళ్లూ నిలబడింది. అక్కడ అక్క గుమ్మం వైపు చూస్తూ చూస్తూ పోయింది.

ఆయన ఇంకా ఏదో అంటుండగానే ఫోన్ మోగింది. దేవి. ఆ పిల్లకు నెలలు నిండాయి.

"పిన్నీ, ఇక్కడున్నప్పుడు అడగడానికి మొగమాటవేసింది. అమ్మ నేదు గదా. పురుడికి నువ్వొస్తావా? బాబాయేటంటారో..."

"బయల్దేరిపోనానమ్మా," అంది సుధామణి. "బస్సు కోసం నిలబడ్డాను."

అప్పటికింకా ఆమె పెరట్లోనే ఉంది. ఆ మాట అబద్ధం కాకముందే చెప్పులేసుకుంది.