పన్నెండో పొర

ఇరవై రెండేళ్లుగా డాక్టరమ్మ పని కార్నియా మార్చడం. కంటి నల్లగుడ్డు మీద అద్దంలా ఉండే ఆ పొర మసకబారితే గుండ్రంగా కోసి తీసి, దానమిచ్చిన కంటిలోని కొత్తదాన్ని పెట్టి, చుట్టూ పదహారు కుట్లు వేయడంలో ఆమెది అందె వేసిన చేయి. అలాంటి మనిషి ఆర్నెల్ల కిందట మళ్లీ ఓనమాలు మొదలుపెట్టింది. కొత్త పద్ధతిలో కార్నియా మొత్తం మార్చరు. వెంట్రుక కన్నా పల్చటి లోపలి పొరను మాత్రమే కంట్లోకి పంపుతారు. అది చుట్ట చుట్టుకుపోతుంది. పైనుంచి మెల్లగా తట్టి విప్పి, గాలిబుడగతో అతికించాలి. పదకొండు చేస్తే మూడు జారిపోయాయి.

"చేతిలో ఉన్న విద్య వదిలేసి ఈ వయసులో ఇవన్నీ ఎందుకమ్మా?" అన్నాడు పెద్ద డాక్టరు. "ఇక చాలించండి. కుట్లే వేయండి."

"కుట్లేస్తే చూపు కుదురుకోవడానికి ఏడాది పడుతుంది సార్. ఇది నిలబడితే నెల చాలు. పేషెంటుకి ఉన్నదున్నట్టు చెప్తాను. ఆయన వద్దంటేనే మానేస్తాను."

పేషెంటు గడియారాలు బాగుచేసే ముసలాయన. రెండు కళ్లూ మంచు పట్టినట్టయి, దుకాణం మూతపడి ఎనిమిది నెలలైంది. జారిన మూడింటి సంగతి డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఆ ముగ్గురికీ మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చిందనీ చెప్పింది. పక్కనున్న కూతురు తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, పాత పద్ధతిలోనే చేయించుకుందాం."

"నువ్వుండవే," అని ముసలాయన డాక్టరమ్మ వైపు తిరిగాడు. "ఆ మూడూ ఎందుకు జారాయో తెలిసిందా అమ్మా?"

"రెండు నా తొందర వల్ల. పొర పూర్తిగా విచ్చుకోకముందే గాలి ఎక్కించాను. మూడోది ఎందుకో ఇప్పటికీ తెలీదు."

"తెలీదని ఒప్పుకునే మెకానిక్కుకే నేనైతే నా గడియారం ఇస్తాను. కానివ్వండి."

ఈసారి ఆమె తొందరపడలేదు. పొర విచ్చుకోవడానికి ఇరవై అయిదు నిమిషాలు పట్టింది. అయినా మర్నాడు పొద్దున చూస్తే కింది అంచు లేచి ఉంది.

"చెప్తే విన్నారు కాదు," అన్నాడు పెద్ద డాక్టరు. "తీసేసి కుట్లు వేయండి."

ఆమె ఆ అంచును మళ్లీ ఒకసారి పరీక్షగా చూసింది. "తీయను సార్. లేచింది అంచే. మళ్లీ గాలి ఎక్కిస్తాను. నిలబడకపోతే తప్పు నాదని రాసి సంతకం పెడతాను."

అన్నట్టే ఎక్కించింది. ముసలాయన రెండు రోజులు వెల్లకిలా పడుకుని, పక్కకి తిరగనివ్వని కూతుర్ని తిట్టిపోస్తూనే కదలకుండా ఉన్నాడు. మూడో రోజుకి అంచు అతుక్కుంది. నెల తిరిగేసరికి గోడ మీది అక్షరాల్లో చివరి రెండు వరసలు తప్ప అన్నీ చదివేశాడు.

"అదృష్టం కలిసొచ్చింది," అన్నాడు పెద్ద డాక్టరు.

"గురువారం ఆయన రెండో కన్ను చేస్తున్నాను సార్. అదృష్టమో కాదో దగ్గరుండి చూడండి."

గురువారం పెద్ద డాక్టరు నిజంగానే వచ్చి, మాస్కు కట్టుకుని ఆమె వెనకాల నిలబడ్డాడు. పొర ఎనిమిది నిమిషాల్లో విచ్చుకుంది. ఆమె తల తిప్పి చూడలేదు. గాలి సిరంజి కోసం నర్సు వైపు చెయ్యి చాచింది.